డిప్రెషన్‌కు మూలికా మందులు: ఏది ఎవరికి పనికొస్తుంది, ఎవరు దూరంగా ఉండాలి

"డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇంగ్లీషు మందులు రాస్తారు, ఒకసారి మొదలుపెడితే ఇక వదలవు. ఆయుర్వేదంలో ఏదైనా ఉంటే చెప్పండి." డిప్రెషన్ మాట రాగానే మన ఇళ్లలో తరచూ వినిపించేది ఇదే. ఆ భయాన్ని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. మూలికల్లో పనిచేసేవి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద యూరప్‌లో దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి. అయితే మందుల షాపులో, ఆన్‌లైన్‌లో "మానసిక ప్రశాంతతకు" అని రాసి అమ్మే డబ్బాలన్నీ ఒకటి కావు. కొన్నింటికి డిప్రెషన్ మీద ఆధారం ఉంది. కొన్నింటికి టెన్షన్ మీద మాత్రమే ఉంది. కొన్నింటికి పేరు తప్ప ఏమీ లేదు. ఇంకొకటైతే డిప్రెషన్‌ను పెంచే అవకాశమే ఉంది.

అందుకే ఏ మూలిక మంచిదని అడిగేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మీకున్న డిప్రెషన్ ఎంత తీవ్రంగా ఉంది? ఇప్పటికే మీరు వేసుకుంటున్న మాత్రలు ఏమిటి? ఎంపిక ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు తీవ్రత తెలుసుకోండి

పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నావళి ఉంది. డాక్టర్లు కూడా వాడతారు, తెలుగులోనూ దొరుకుతుంది. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తనమీద తనకే చిన్నచూపు, ఏకాగ్రత వంటి తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 5 నుంచి 9 వస్తే తేలికపాటి డిప్రెషన్, 10 నుంచి 14 మధ్యస్థం. 15 నుంచి 19 వస్తే తీవ్రత వైపు వెళ్తున్నట్టు, 20 నుంచి ఆపైన తీవ్రం. ఇదే రోగ నిర్ధారణ కాదు, కానీ మీరెక్కడున్నారో ఒక అంచనా ఇస్తుంది.

ఇందులో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండనే ఆలోచనల గురించి. దానికి "కొన్ని రోజులు" అన్నా సరే, మొత్తం మార్కులు ఎంత తక్కువ వచ్చినా, ఇక మూలికల సంగతి పక్కన పెట్టాలి. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416కి ఫోన్ చేయండి. అది 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ లైను. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి కూడా పనిచేస్తుంది.

ఇంకో పని కూడా ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా, బి12 లోపమున్నా, రక్తహీనత ఉన్నా అచ్చం డిప్రెషన్‌లాగే నీరసం, మతిమరుపు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం కనిపిస్తాయి. పూర్తి శాకాహారుల్లో బి12 లోపం బాగా ఎక్కువ. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12, రక్తహీనత తెలిపే రక్తపరీక్ష చేయించకుండా నెలల తరబడి చూర్ణాలు మింగితే డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. ఈ మూడూ ఏ ఊరి ల్యాబ్‌లోనైనా చేసేవే.

సెయింట్ జాన్స్ వోర్ట్: ఆధారం ఎక్కువ, చిక్కులూ ఎక్కువ

ఇది మన నేల మొక్క కాదు, యూరప్‌ది. పసుపుపచ్చ పూలు జూన్ చివర్లో, అక్కడి సెయింట్ జాన్ పండుగ రోజుల్లో విరబూస్తాయి, ఆ పేరే దీనికి వచ్చింది. శాస్త్రీయ నామం హైపెరికమ్ పర్ఫొరేటమ్. జర్మనీలో డాక్టర్లే తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్‌కు దీన్ని రాస్తారు. మన దగ్గర మామూలు మందుల షాపుల్లో కనిపించదు, ఆన్‌లైన్‌లో దిగుమతి సరుకు దొరుకుతుంది. అమెరికాలో అయితే విటమిన్ మాత్రల వరుసలోనే ఉంటుంది, చీటీ అడగరు. అక్కడ చదువుకునే మన పిల్లలు, పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు దీన్ని సులువుగా కొనుక్కునేది అందుకే.

వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2008లో 29 పరిశోధనలను, అంటే సుమారు 5,500 మంది రోగుల ఫలితాలను కలిపి చూసింది. ఉత్తుత్తి మాత్ర (పోలిక కోసం ఇచ్చే, మందు లేని మాత్ర) కంటే ఇది బాగా పనిచేసిందని, మామూలు డిప్రెషన్ మాత్రలకు దాదాపు సమానమని, దుష్ప్రభావాలు వాటికంటే తక్కువని తేలింది. జర్మన్ మాట్లాడే దేశాల్లో చేసిన పరిశోధనల్లోనే ఫలితాలు మరింత మెరుగ్గా ఉన్నాయని కూడా అందులోనే రాశారు. అంతకుముందు 2002లో అమెరికాలో 340 మంది మీద చేసిన పెద్ద పరీక్షలో ఇది ఉత్తుత్తి మాత్రను దాటలేదు. ఆ పరీక్షలో సెర్‌ట్రాలిన్ మాత్ర కూడా దాటలేదు. కాబట్టి దాన్ని చూపించి మూలిక ఓడిపోయిందనడం సరికాదు, మూలిక గెలిచిందనడమూ సరికాదు. ఇవన్నీ చదివాక నా అభిప్రాయం ఇది: తేలికపాటి, మధ్యస్థ డిప్రెషన్‌లో నిజంగా పనిచేసే మూలిక ఇదొక్కటే అని కాస్త ధైర్యంగా చెప్పొచ్చు. తీవ్రమైన డిప్రెషన్‌కు దీన్ని నమ్ముకోకూడదు. పరిశోధనల్లో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకు 900 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ (మొక్క నుంచి తీసిన సారం), మూడు విడతలుగా.

ఇక చిక్కుల సంగతి. దీనిలోని హైపర్‌ఫోరిన్ అనే పదార్థం కాలేయంలో, పేగుల్లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైములను పెంచేస్తుంది. దాంతో మీరు వేసుకునే వేరే మాత్రలు రక్తంలో సరిపడా నిలవవు. మాత్ర వేసుకుంటూనే ఉంటారు, పని మాత్రం చేయదు. 2000లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో గుండె మార్పిడి చేయించుకున్న ఇద్దరు రోగులు ఇది మొదలుపెట్టాక, మార్చిన అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ మందు వారి రక్తంలో పడిపోయి, శరీరం కొత్త గుండెను తిరస్కరించడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఒక హెచ్‌ఐవీ మందు కూడా రక్తంలో సగానికి పైగా పడిపోతుందని ఇంకో పరిశోధన చూపించింది. దాంతో అమెరికా మందుల నియంత్రణ సంస్థ డాక్టర్లందరికీ హెచ్చరిక పంపింది.

గర్భనిరోధక మాత్రలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. వాటితో పాటు ఇది వేసుకున్నవారిలో అనుకోని గర్భాలు వచ్చిన ఉదాహరణలు నమోదయ్యాయి. గుండె కవాటం మార్చినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్, గుండె బలహీనతకు వాడే డిగాక్సిన్, కొన్ని ఫిట్స్ మందులు, కొన్ని క్యాన్సర్ మందులు, ఇప్పుడు హెచ్‌ఐవీకి మన దగ్గర విస్తృతంగా ఇస్తున్న డోల్యుటెగ్రావిర్ కూడా దీనివల్ల బలహీనపడతాయి. డిప్రెషన్ మాత్రలతో, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలతో కలిపితే చిక్కు వేరే రకం. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మరీ ఎక్కువై చెమటలు, వణుకు, గుండె దడ, జ్వరం, అయోమయం వస్తాయి. అది ఎమర్జెన్సీ, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి ఉత్సాహం వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు, డిప్రెషన్ నుంచి నేరుగా ఉన్మాదంలోకి తోసేయగలదు. ఎండకు చర్మం కమిలిపోయే గుణం కూడా దీనికుంది.

హోమియో వాడేవాళ్లకు ఒక మాట. షాపులో హైపెరికమ్ 30, 200 అని దొరికేవి నరాల దెబ్బలకు ఇచ్చే హోమియో పలుచన మందులు. పైన చెప్పిన పరిశోధనల్లో వాడిన ఎక్స్‌ట్రాక్ట్‌కూ వీటికీ సంబంధం లేదు. పలుచన చేయకముందు ఉండే మదర్ టింక్చర్‌లో మాత్రం మొక్క సారం నిజంగా ఉంటుంది, కాబట్టి పై జాగ్రత్తలు దానికీ వర్తిస్తాయి.

కుంకుమపువ్వు: నెమ్మదైనది, ఖరీదైనది

రెండో స్థానం నేను కుంకుమపువ్వుకే ఇస్తాను. ప్రపంచంలో పండే కుంకుమపువ్వులో అత్యధిక భాగం ఇరాన్‌లోనే పండుతుంది. డిప్రెషన్ మీద దీని పరిశోధనలు కూడా 2000ల తొలినాళ్లలో టెహ్రాన్‌లోనే మొదలయ్యాయి. రోజుకు 30 మిల్లీగ్రాములు, ఆరు వారాలు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా ఉంది, ఫ్లూక్సెటిన్, ఇమిప్రమిన్ వంటి మాత్రలకు దగ్గరగా వచ్చింది. వినడానికి గొప్పగా ఉన్నా, ఒక్కో పరిశోధనలో ఉన్నది ముప్పై, నలభై మంది మాత్రమే. నడిచింది ఆరు వారాలే. ఎక్కువ భాగం ఒకే దేశంలో, ఒకే బృందం చేసినవి. అందుకే దీన్ని "ఆశ కలిగిస్తోంది" అనే దగ్గరే ఆపుతాను.

మోతాదు చూడండి. గ్రాము కుంకుమపువ్వు రావడానికి దాదాపు 150 పూలు కావాలి, పువ్వుకి మూడే కేసరాలు. అంటే 30 మిల్లీగ్రాములంటే పద్నాలుగు కేసరాల దాకా వస్తాయి. గ్రాము కొంటే నెల వస్తుంది. ఖర్చు నెలకు కొన్ని వందల రూపాయలు, అదీ అసలు సరుకు దొరికితే. కుసుమ పూరేకులు, రంగు వేసిన మొక్కజొన్న పీచు కలిపి అమ్మడం ఈ వ్యాపారంలో పాత జబ్బు. కశ్మీర్ కుంకుమపువ్వుకు 2020లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకే అని చెప్పే ముద్ర) వచ్చింది, కొనేటప్పుడు ఆ గుర్తు ఉన్న ప్యాకెట్ చూసుకోవచ్చు. పాలలో వేసుకుని తాగడం హాయిగానే ఉంటుంది, కానీ పరిశోధనల్లో ఇచ్చింది కొలిచి చేసిన క్యాప్సూల్. పాలలో వేసే చిటికెడులో ఎంత మందు ఉందో ఎవరూ చెప్పలేరు.

మన దగ్గర గర్భిణికి కుంకుమపువ్వు పాలు ఇవ్వడం ఆనవాయితీ. వంటలో వేసే చిటికెడుతో భయం లేదు, బిడ్డ రంగు మారేది కూడా ఏమీ లేదు. కానీ గర్భిణులు డిప్రెషన్ కోసం కుంకుమపువ్వు క్యాప్సూళ్లు వేసుకోకూడదు. ఎక్కువ మోతాదు గర్భసంచిని సంకోచింపజేయగలదు. ఎవరైనా సరే, 5 గ్రాములు దాటితే అది విషమే.

అశ్వగంధ: టెన్షన్‌కు సరే, డిప్రెషన్‌కు?

తెలుగువాళ్లకు బాగా దగ్గరి మూలిక ఇది. పెన్నేరు గడ్డ అని పాత పేరు. అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో పొలాల్లో పండిస్తారు. హైదరాబాద్‌లోని ఆశా హాస్పిటల్ వైద్యులు 2012లో ప్రచురించిన పరిశోధనను ప్రపంచమంతా ఉదహరిస్తుంది. 64 మందికి 60 రోజులు, సగం మందికి రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల వేరు ఎక్స్‌ట్రాక్ట్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అశ్వగంధ తీసుకున్నవారిలో ఒత్తిడి స్కోర్లు బాగా తగ్గాయి, రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ దాదాపు 28 శాతం తగ్గింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ పరిశోధనలో ఉన్నవాళ్లు దీర్ఘకాలంగా ఒత్తిడితో బాధపడుతున్నవాళ్లు, డిప్రెషన్ రోగులు కాదు. ఆఫీసు టెన్షన్, పరీక్షల ఆందోళన, నిద్ర సరిగా పట్టకపోవడం, ఇవి మీ సమస్య అయితే అశ్వగంధ సరైన ఎంపిక కావచ్చు. పొద్దున లేవాలంటేనే భారంగా ఉండి, నచ్చిన పని కూడా రుచించకపోతే, దీని మీద పెట్టుకునే ఆశకు తగిన ఆధారం లేదు. ఒత్తిడి వేరు, డిప్రెషన్ వేరు. డబ్బా మీద రెండూ ఒకటే వరుసలో రాస్తారు, చదివే మనమైనా విడదీసి చూసుకోవాలి.

ఇది థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు. మన ఆడవాళ్లలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఎంతమందో అందరికీ తెలుసు. పొద్దునే ఆ మాత్ర వేసుకుని, రాత్రి పాలలో అశ్వగంధ కలుపుకుంటే కొన్నాళ్లకు దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం కనిపించొచ్చు. హైపర్‌థైరాయిడ్ ఉన్నవాళ్లకు అసలే పనికిరాదు. షుగర్, బీపీ మాత్రల బలాన్ని కొంచెం పెంచుతుంది, నిద్రమాత్రల మత్తును కూడా పెంచుతుంది. అరుదుగానే అయినా దీనివల్ల కామెర్లు, కాలేయం వాపు వచ్చిన సంఘటనలు అమెరికా, ఐస్‌లాండ్‌లలో నమోదయ్యాయి, 2020లో వైద్య పత్రికలో వచ్చాయి. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. భయపడిపోవాల్సిన పని లేదు. కానీ మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ రోజే ఆపేసి కాలేయ పరీక్ష చేయించండి. గర్భిణులు వాడకూడదు. కొనేటప్పుడు వేరుతో చేసిందా, ఆకుతో చేసిందా చూడండి. సంప్రదాయంగా లోపలికి తీసుకునేది వేరే.

బ్రహ్మి, సరస్వతి ఆకు, పసుపు

బ్రహ్మి పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు. ఒకటి నీరుబ్రహ్మి, రెండోది మనం సరస్వతి ఆకు అనే మండూకపర్ణి. పరిశోధనలు ఎక్కువగా జరిగింది నీరుబ్రహ్మి మీద, అదీ జ్ఞాపకశక్తి కోసం. పన్నెండు వారాలు వాడితే కొంత మెరుగు కనిపించింది. డిప్రెషన్‌కు నమ్మకంగా చెప్పదగ్గది లేదు. సరస్వతి ఆకు పచ్చడి చేసుకు తినండి, మంచిదే. మందు అనుకుని మాత్రం వేరే వైద్యం ఆపొద్దు.

సారస్వతారిష్టం గురించి ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో సహజంగా పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర వాడుతున్నవాళ్లకు ఇంట్లోవాళ్లు మంచి ఉద్దేశంతో అరిష్టం పోస్తే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. తాగుడు మానిన మొదటి నెలల్లో దిగులు కమ్ముకోవడం మామూలే. సరిగ్గా ఆ సమయంలోనే "మనసుకు బలం" అంటూ ఈ సీసా ఇంట్లోకి వస్తుంటుంది.

పసుపులోని కుర్‌క్యుమిన్ మీద చిన్న పరిశోధనలు కొన్ని ఉన్నాయి, మామూలు మందుకు తోడుగా ఇస్తే కాస్త ఉపయోగం కనిపించింది. దాన్ని రక్తంలోకి చేర్చడానికి మిరియాల సారం కలిపిన క్యాప్సూళ్లు అమ్ముతారు. అలాంటివాటితోనూ కాలేయం దెబ్బతిన్న సంఘటనలు ఉన్నాయి. కూరలో పసుపు గురించి కాదు నేను చెప్పేది.

వద్దని గట్టిగా చెప్పేవి

సర్పగంధి. పిచ్చికి, నిద్రలేమికి మన వైద్యంలో చాలాకాలంగా వాడిన వేరు ఇది. దీనినుంచి 1952లో రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. బీపీకి అది ప్రపంచమంతా వాడారు. అది వేసుకున్న కొందరు రోగులు లోతైన దిగులులోకి జారిపోయారని 1950ల్లోనే డాక్టర్లు రాశారు. ఆ సంబంధం ఎంత బలమైనదో ఇప్పటికీ వాదోపవాదాలు ఉన్నా, డిప్రెషన్ చరిత్ర ఉన్నవాళ్లకు రిసర్పిన్ ఇవ్వకూడదనే హెచ్చరిక మందు పత్రంలోనే ఉంటుంది. "మెదడుకు చల్లదనం", "నిద్రకు మూలిక" అని అమ్మే మిశ్రమాల్లో సర్పగంధి పేరు ఉందేమో చదవండి. ఉంటే కొనొద్దు.

దూలగొండి గింజల పొడిలో ఎల్-డోపా ఉంటుంది. పార్కిన్‌సన్స్ జబ్బుకు ఇచ్చే పదార్థమే అది. ఇంటర్నెట్‌లో డోపమిన్ (మెదడులో ఉత్సాహానికి సంబంధించిన రసాయనం) పెంచుతుందని ప్రచారం చేసి మూడ్ మందుగా అమ్ముతున్నారు. మానసిక జబ్బు చరిత్ర ఉన్నవాళ్లలో ఇది భ్రమలు, అతి ఉద్రేకం తెప్పించగలదు.

మాత్రలతో పోల్చి చూస్తే

ఎస్సిటలోప్రామ్, సెర్‌ట్రాలిన్, ఫ్లూక్సెటిన్ వంటి మాత్రల గురించి మన దగ్గర ఉన్న భయం చాలావరకు వేరే మందుల నుంచి వచ్చింది. అల్ప్రాజోలామ్ లాంటి మత్తు మాత్రలు నిజంగానే అలవాటు పడతాయి. డిప్రెషన్ మాత్రలు ఆ కోవలోవి కావు, వాటి మీద యావ పుట్టదు. అయితే ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం ఉంటాయి కాబట్టి మెల్లగా తగ్గించి ఆపాలి. జీవితాంతం వాడాలన్నది కూడా అందరికీ నిజం కాదు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్లకు, బాగయ్యాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి ఆపేయడం మామూలు పద్ధతి.

ఆధారం విషయంలో పోలికే లేదు. 2018లో 21 రకాల డిప్రెషన్ మాత్రల మీద జరిగిన 522 పరిశోధనలను, లక్షకు పైగా రోగుల ఫలితాలను కలిపి చూస్తే అన్నీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేశాయి. ఆ మెరుగుదల సగటున మధ్యరకంగానే ఉంది, అద్భుతాలేం కావు. ఇబ్బందులూ ఉన్నాయి: మొదటి వారాల్లో వికారం, తలనొప్పి, లైంగిక ఆసక్తి తగ్గడం. పాతికేళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చన్న హెచ్చరిక కూడా ఉంది, అందుకే ఆ వయసువాళ్లను దగ్గరగా గమనిస్తూ మొదలుపెట్టాలి. మూలికైనా, మాత్రైనా పని మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

ఖర్చు సంగతికొస్తే చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. జనఔషధి కేంద్రాల్లో జనరిక్ డిప్రెషన్ మాత్రలకు నెలకయ్యే ఖర్చు పేరున్న అశ్వగంధ డబ్బా కంటే, కుంకుమపువ్వు కంటే తక్కువే. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖ మానసిక వైద్యశాల, జిల్లా ఆసుపత్రులు, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీల్లో మందులు ఉచితంగా ఇస్తారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి ఏ చికిత్సా అందడం లేదు. మూలిక వాడుతున్నామన్న తృప్తితో ఆ 85 శాతంలో మరికొంతమంది చేరకూడదన్నదే నా తపన.

మాత్రా వద్దు, మూలికా వద్దు అనుకునేవాళ్లకూ దారి ఉంది. తేలికపాటి డిప్రెషన్‌లో కౌన్సెలింగ్, రోజువారీ నడక మంచి ఫలితం ఇస్తాయి. 2024లో 218 పరిశోధనలను కలిపి చూసినప్పుడు నడక, పరుగు, యోగా, బరువులెత్తే వ్యాయామం డిప్రెషన్‌ను తగ్గించాయి. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కాని మామూలు వ్యక్తులకు శిక్షణ ఇచ్చి, వారానికి ఒకసారి మాట్లాడించే పద్ధతి తీవ్రమైన డిప్రెషన్‌లో కూడా పనిచేసిందని 2017లో ప్రచురించారు. వీటికి ఏ మాత్రతోనూ గొడవ లేదు. నా లెక్కలో తేలికపాటి డిప్రెషన్‌కు ఇవే ముందు, మూలిక వీటికి తోడు మాత్రమే.

కొనేటప్పుడు

ఆయుర్వేద మందు అయితే డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏ మూలిక ఎన్ని మిల్లీగ్రాములో ఉండాలి. సప్లిమెంట్‌గా అమ్మేదైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలి. "డిప్రెషన్ గ్యారంటీగా నయం" అని రాసినదాన్ని అక్కడే వదిలేయండి. లోహాలు, ఖనిజాలతో చేసే భస్మాలు, రస ఔషధాలు కలిసిన మిశ్రమాలు డాక్టర్ సలహా లేకుండా వద్దే వద్దు. 2008లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తుల్లో దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి లోహాలు కనిపించాయి. ఒకే మూలిక ఉన్న మాత్రలు కొనడమే మేలు. పది మూలికలు కలిసినదాంట్లో ఏది పనిచేసిందో, ఏది వికటించిందో తేలదు. సంతలో, బండి మీద అమ్మే పొడుల గురించి చెప్పేదేముంది, అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

ఎవరు ఏది ఎంచుకోవాలి

పీహెచ్‌క్యూ-9 స్కోరు 10 లోపు, వేరే మాత్రలేవీ లేవు, వయసులో ఉన్నారు, గర్భం లేదు. నడక, కౌన్సెలింగ్ మొదలుపెట్టి, దాంతో పాటు కుంకుమపువ్వు క్యాప్సూల్ ప్రయత్నించొచ్చు. అమెరికాలోనో, జర్మనీలోనో ఉంటే అక్కడి డాక్టర్‌కు చెప్పి సెయింట్ జాన్స్ వోర్ట్ గురించి ఆలోచించొచ్చు. గర్భనిరోధక మాత్ర వాడుతున్న అమ్మాయిలు మాత్రం దాన్ని వదిలేయాలి.

స్కోరు తక్కువే, కానీ అసలు బాధ టెన్షన్, నిద్ర పట్టకపోవడం. థైరాయిడ్, కాలేయ సమస్యలు లేకపోతే అశ్వగంధ వేరు ఎక్స్‌ట్రాక్ట్, రెండు నెలలకు మించకుండా.

బీపీ, షుగర్, థైరాయిడ్, గుండె మాత్రలు వేసుకునే యాభై దాటిన పెద్దవాళ్లు. వీళ్లకు నేను ఏ మూలికనూ సొంతంగా మొదలుపెట్టమని చెప్పను. సెయింట్ జాన్స్ వోర్ట్ అసలే వద్దు. రాసిచ్చే డాక్టర్‌కు మాత్రల డబ్బా చూపించి అడగాలి. పెద్దవాళ్లలో దిగులును "వయసు మీద పడింది" అని కొట్టిపారేస్తాం, నిజానికి వాళ్లకు మాత్రలు బాగా పనిచేస్తాయి.

బాలింతలు, గర్భిణులు. మూలిక వద్దు. ప్రసవం తర్వాత రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డ మీద ఇష్టం కలగకపోతే నేరుగా డాక్టర్ దగ్గరికే. పాలిచ్చే తల్లికి సెర్‌ట్రాలిన్ వంటివి సురక్షితంగా ఇస్తున్నారు.

స్కోరు 15 గానీ ఆపైన గానీ వచ్చినవాళ్లు, ఇంతకుముందు ఆత్మహత్య ప్రయత్నం చేసినవాళ్లు, గొంతులు వినిపిస్తున్నాయనేవాళ్లు, ఎప్పుడైనా అతి ఉత్సాహంతో నిద్ర లేకుండా వారాలు గడిపినవాళ్లు. వీళ్లకు సైకియాట్రిస్ట్ తప్ప వేరే మొదటి మెట్టు లేదు.

ప్రయత్నించేవాళ్లు ఒకసారికి ఒకే మూలిక మొదలుపెట్టండి. మొదలుపెట్టిన రోజు పీహెచ్‌క్యూ-9 స్కోరు రాసిపెట్టుకోండి, రెండు వారాలకోసారి మళ్లీ వేయండి. ఆరు వారాలకు స్కోరు సగానికి దగ్గరగా రాకపోతే ఆ మూలిక మీకు పనిచేయలేదని అర్థం. మోతాదు పెంచొద్దు, ఇంకో మూలిక కలపొద్దు, డాక్టర్‌ను కలవండి. మధ్యలో స్కోరు పెరిగితే ఆరు వారాలు కూడా ఆగొద్దు. ఏదైనా ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే మత్తు డాక్టర్‌కు మూలిక సంగతి చెప్పండి.

మూలిక నుంచి మాత్రకు మారేటప్పుడు కూడా తొందర పనికిరాదు. సెయింట్ జాన్స్ వోర్ట్ ఆపిన మర్నాడే డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టకూడదు, సాధారణంగా రెండు వారాలు ఆగమంటారు. ఫ్లూక్సెటిన్ ఆపి మూలికకు మారాలనుకుంటే ఆగాల్సింది ఐదు వారాలు, ఎందుకంటే అది ఒంట్లో అన్నాళ్లు నిలుస్తుంది. వార్ఫరిన్ వాడుతూ సెయింట్ జాన్స్ వోర్ట్ కూడా వేసుకుంటున్నవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపితే రక్తం మరీ పలుచనై రక్తస్రావం కావచ్చు, అందుకే ఆపడం కూడా డాక్టర్‌కు చెప్పి, రక్తపరీక్ష చేయించుకుంటూనే చేయాలి. డాక్టర్లు సాధారణంగా మూలికల గురించి అడగరు, మనం కూడా అవి మందులే కాదనుకుని చెప్పం. వెళ్లేటప్పుడు ఆ డబ్బాను వెంట తీసుకెళ్లండి, లేదా లేబుల్ అక్షరాలు కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లి చూపించండి.